నిద్ర పట్టట్లేదని వెళ్తే స్కిజోఫ్రెనియా మందు రాశారా? అమెరికాలో నర్సులు రాసే 'ఆఫ్ లేబుల్' మందుల సంగతేంటి?

డాలస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే ఓ తెలుగు యువకుడు ఉన్నాడనుకుందాం. కంపెనీలో లేఆఫ్‌లు, వీసా టెన్షన్. నెల రోజులుగా రాత్రి రెండు దాటినా కన్ను మూత పడట్లేదు. సైకియాట్రిస్ట్ అపాయింట్‌మెంట్ కోసం ఫోన్ చేస్తే రెండు నెలల తర్వాత రమ్మన్నారు. చివరికి ఆన్‌లైన్‌లో ఓ నర్స్ ప్రాక్టీషనర్ దొరికారు. వీడియో కాల్‌లో మాట్లాడి క్వెటియాపిన్ అనే మాత్ర రాశారు. ఫార్మసీలో మందుతో పాటు ఇచ్చిన కాగితం తెరిచి చూస్తే స్కిజోఫ్రెనియా, బైపోలార్ అని ఉంది. నిద్ర అనే మాట ఎక్కడా లేదు.

గుంటూరులో ఉన్న అమ్మకు ఫోన్ చేస్తే ఆమె కంగారు పడిపోయింది. "నీకు పిచ్చి మందులు ఇస్తున్నార్రా, ఆపేయ్" అంది. అతను మాత్రలు చెత్తబుట్టలో పడేశాడు.

ఇది ఊహించి చెప్పిన ఉదాహరణే. కానీ ఇలాంటి అయోమయం ఎవరికైనా ఎదురు కావొచ్చు. ఇక్కడ తప్పు ఎవరిది? నర్సు పొరపాటున రాసిందా? అసలు నర్సుకు మానసిక వ్యాధుల మందులు రాసే హక్కు ఉందా? ఆ మాత్ర వేసుకోవాలా, వద్దా? ఒక్కొక్కటిగా చూద్దాం.

ఆఫ్ లేబుల్ అంటే ఏంటి?

అమెరికాలో ఏ మందైనా మార్కెట్‌లోకి రావాలంటే ఎఫ్‌డీఏ అనుమతి కావాలి. ఫలానా జబ్బుకి, ఫలానా వయసు వాళ్లకి, ఫలానా డోసులో ఈ మందు పని చేస్తుందని కంపెనీ పరీక్షలు చేసి నిరూపించాలి. నిరూపించిన మేరకే మందు లేబుల్ మీద రాస్తారు.

అయితే ఒకసారి మందు మార్కెట్‌లోకి వచ్చాక, లేబుల్ మీద లేని జబ్బుకి కూడా దాన్ని రాయొచ్చు. దీన్నే 'ఆఫ్ లేబుల్' అంటారు. జబ్బు వేరైనా, వయసు వేరైనా, డోసు వేరైనా ఆఫ్ లేబులే. ఇది చట్టవిరుద్ధం కాదు. ఎఫ్‌డీఏ మందుల అమ్మకాన్ని, ప్రచారాన్ని నియంత్రిస్తుంది తప్ప, గదిలో కూర్చుని వైద్యం చేసే వాళ్ల నిర్ణయంలో వేలు పెట్టదు.

కంపెనీలకు మాత్రం ఆ స్వేచ్ఛ లేదు. లేబుల్ మీద లేని జబ్బుకి మా మందు వాడండని కంపెనీ ప్రచారం చేస్తే నేరం.

ఇది ఎంత మామూలు విషయమో ఓ అధ్యయనం చెబుతుంది. 2001 లో అమెరికా డాక్టర్లు క్లినిక్‌లలో రాసిన మందులను పరిశీలించి 2006 లో ఓ పరిశోధన బృందం ఫలితాలు ప్రచురించింది. బాగా వాడుకలో ఉన్న మందుల్లో దాదాపు 21 శాతం ఆఫ్ లేబుల్‌గా రాసినవేనని తేలింది. అసలు విషయం ఆ తర్వాత ఉంది. ఆ ఆఫ్ లేబుల్ వాడకంలో 73 శాతానికి సరైన శాస్త్రీయ ఆధారం చాలా తక్కువ, లేదా అసలు లేదు.

అంటే ఆఫ్ లేబుల్ అన్న మాట ఒక్కటే విని భయపడాల్సిన పని లేదు. అలాగని గుడ్డిగా నమ్మాల్సిన పనీ లేదు. వెనక ఆధారం ఉందా, లేదా అన్నదే ప్రశ్న.

నర్స్ ప్రాక్టీషనర్ అంటే మామూలు నర్సేనా?

కాదు. మన ఆస్పత్రుల్లో చూసే స్టాఫ్ నర్సుకీ, అమెరికాలో నర్స్ ప్రాక్టీషనర్‌కీ చాలా తేడా ఉంది. నర్సింగ్ డిగ్రీ, లైసెన్సు అయ్యాక మాస్టర్స్ లేదా డాక్టరేట్ స్థాయి చదువు చదవాలి. జాతీయ స్థాయి సర్టిఫికేషన్ పరీక్ష పాసవ్వాలి. 1965 లో కొలరాడో యూనివర్సిటీలో లొరెటా ఫోర్డ్ అనే నర్సు, హెన్రీ సిల్వర్ అనే పిల్లల డాక్టర్ కలిసి మొదటి కోర్సు మొదలుపెట్టారు. పల్లెల్లో, పేద కుటుంబాల్లో పిల్లలను చూసే డాక్టర్లు లేకపోవడమే దానికి కారణం.

వీళ్లలో మానసిక ఆరోగ్యం మీద ప్రత్యేక శిక్షణ తీసుకున్న వాళ్లు వేరు. వాళ్లను సైకియాట్రిక్ మెంటల్ హెల్త్ నర్స్ ప్రాక్టీషనర్లు అంటారు. జబ్బును గుర్తించడం, మందు రాయడం, డోసు మార్చడం అన్నీ చేస్తారు.

శిక్షణలో డాక్టర్లతో తేడా మాత్రం పెద్దదే. సైకియాట్రిస్ట్ కావాలంటే మెడికల్ కాలేజీ తర్వాత నాలుగేళ్ల రెసిడెన్సీ ఉండాలి. నర్స్ ప్రాక్టీషనర్ సర్టిఫికేషన్‌కు చాలాకాలం కనీసం 500 గంటల పర్యవేక్షిత క్లినికల్ శిక్షణ సరిపోయేది. 2022 లో వచ్చిన కొత్త జాతీయ ప్రమాణాలు దాన్ని 750 గంటలకు పెంచాయి. నర్సుగా చేసిన ఏళ్ల అనుభవం దీనికి అదనం. కానీ ఆ అనుభవం అందరికీ ఒకేలా ఉండదు. పదిహేనేళ్లు సైకియాట్రీ వార్డులో పని చేసి వచ్చిన వాళ్లూ ఉంటారు, చదువు పూర్తి కాగానే వచ్చిన వాళ్లూ ఉంటారు.

ఎక్కడ సొంతంగా రాయొచ్చు?

ఇది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. సగానికి పైగా రాష్ట్రాల్లో నర్స్ ప్రాక్టీషనర్ డాక్టర్ సంతకం లేకుండా సొంతంగా ప్రాక్టీస్ పెట్టుకోవచ్చు. టెక్సాస్ లాంటి చోట మందులు రాయాలంటే డాక్టర్‌తో రాతపూర్వక ఒప్పందం ఉండాలి. కాలిఫోర్నియాలో 2020 లో చేసిన చట్టం ప్రకారం తగినంత అనుభవం ఉన్న వాళ్లకు దశలవారీగా స్వేచ్ఛ ఇస్తున్నారు.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. డాక్టర్‌తో ఒప్పందం ఉందంటే ఆ డాక్టర్ ప్రతి పేషెంట్‌నూ చూస్తారని కాదు. ఎక్కువ సందర్భాల్లో కొన్ని ఫైళ్లు పరిశీలించడం, అప్పుడప్పుడూ మాట్లాడుకోవడం, అంతే. మీ చీటీలోని మందు పేరు ఆ డాక్టర్ కంట పడకపోవచ్చు కూడా.

ఇక ఆఫ్ లేబుల్ విషయానికి వస్తే, డాక్టర్‌కు వర్తించే సూత్రమే నర్స్ ప్రాక్టీషనర్‌కూ వర్తిస్తుంది. తన లైసెన్సు పరిధిలో ఉన్న మందు అయితే ఆఫ్ లేబుల్‌గా కూడా రాయొచ్చు. తన రాష్ట్రం, తన ఒప్పందం పెట్టిన హద్దులు దాటకూడదు.

సైకియాట్రిస్ట్ దగ్గరికే వెళ్లొచ్చుగా?

దొరికితే కదా! అమెరికాలో 12 కోట్లకు పైగా జనం మానసిక వైద్య నిపుణుల కొరత ఉన్న ప్రాంతాల్లోనే బతుకుతున్నారు. వృద్ధుల ప్రభుత్వ బీమా అయిన మెడికేర్ లెక్కలే తీసుకుంటే, 2011 నుంచి 2019 మధ్య మెడికేర్ పేషెంట్లను చూసే సైకియాట్రిస్టుల సంఖ్య 6 శాతం తగ్గింది. అదే కాలంలో మానసిక ఆరోగ్య నర్స్ ప్రాక్టీషనర్ల సంఖ్య 162 శాతం పెరిగింది. 2019 నాటికి మందులు రాసే మానసిక వైద్యుల దగ్గరికి మెడికేర్ పేషెంట్లు వెళ్లిన ప్రతి మూడు సందర్భాల్లో దాదాపు ఒకటి నర్స్ ప్రాక్టీషనర్ దగ్గరే.

చాలా ఊళ్లలో నర్స్ ప్రాక్టీషనర్ లేకపోతే ఇంకెవరూ లేరు. ఈ చర్చలో ఆ సంగతి మర్చిపోతే లెక్క తప్పుతుంది.

లేబుల్ మీద లేని మందు ఎందుకు రాస్తారు?

మొదటి కారణం డబ్బు. ఓ కొత్త జబ్బును లేబుల్ మీదకు ఎక్కించాలంటే భారీ ఖర్చుతో మళ్లీ పరీక్షలు చేయాలి. పేటెంట్ అయిపోయి చవగ్గా దొరికే జెనరిక్ మందు కోసం ఏ కంపెనీ అంత ఖర్చు పెడుతుంది? అందుకే కొన్ని మంచి ఉపయోగాలు కూడా లేబుల్ ఎక్కకుండా అలాగే ఉండిపోతాయి.

రెండోది, పిల్లలను, గర్భిణులను, బాగా వయసు మళ్లిన వాళ్లను మందుల పరీక్షల్లో తక్కువగా చేరుస్తారు. కానీ జబ్బులు వాళ్లకూ వస్తాయి.

మూడోది, లేబుల్ మీద ఉన్న మందులన్నీ వాడి చూసినా తగ్గని వాళ్లు ఉంటారు. వాళ్లకు చేయడానికి ఏమీ లేదని ఇంటికి పంపలేరు కదా.

నాలుగోది, ఒక మందు అంటే భయం ఉండి ఇంకోటి రాయడం. నిద్ర మాత్రలకు అలవాటు పడిపోతారన్న భయంతో, ఆ బెడద తక్కువనుకునే వేరే మందు రాస్తారు. డాలస్ కుర్రాడి ఉదాహరణలో జరిగింది సరిగ్గా ఇదే.

కొన్ని నిలబడ్డాయి, కొన్ని వీగిపోయాయి

ఆఫ్ లేబుల్‌గా మొదలైనవన్నీ తప్పని తేలలేదు. ఆటిజం ఉన్న పిల్లల్లో విపరీతమైన చిరాకు, కోపానికి వాడే రిస్పెరిడోన్‌కు 2006 లో అధికారికంగా అనుమతి వచ్చింది. అంతకు ముందు అది ఆఫ్ లేబులే. క్లోనిడిన్ నిజానికి బీపీ మందు. ఏడీహెచ్‌డీ పిల్లలకు ఏళ్ల తరబడి ఆఫ్ లేబుల్‌గా రాశారు. 2010 లో నిదానంగా విడుదలయ్యే రకానికి అనుమతి దక్కింది.

మరోవైపు ప్రాజోసిన్ కథ చూడండి. ఇదీ బీపీ మందే. యుద్ధం నుంచి వచ్చిన సైనికులకు పీడకలలు తగ్గడానికి వాడేవారు. చిన్న పరీక్షల్లో బాగా పని చేసినట్టు కనిపించింది. కానీ 304 మంది మాజీ సైనికులతో చేసిన పెద్ద పరీక్ష ఫలితాలు 2018 లో వచ్చేసరికి, ఉత్తుత్తి మాత్రకూ దీనికీ తేడా కనిపించలేదు.

ట్రాజొడోన్‌కు 1981 లో డిప్రెషన్ మందుగా అనుమతి వచ్చింది. ఇప్పుడు దాన్ని నిద్ర కోసమే ఎక్కువగా చూస్తుంటాం. అయితే నిద్ర వైద్య నిపుణుల అమెరికన్ అకాడమీ 2017 లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, నిద్రలేమికి ట్రాజొడోన్ వాడొద్దనే సూచించింది.

ఇక క్వెటియాపిన్. 1997 లో స్కిజోఫ్రెనియాకు, తర్వాత బైపోలార్‌కు అనుమతి వచ్చింది. స్కిజోఫ్రెనియాకు పెద్దవాళ్లకు సాధారణంగా రోజుకు 150 నుంచి 750 మిల్లీగ్రాములు వాడతారు. నిద్ర కోసం రాసేటప్పుడు 25, 50, 100 మిల్లీగ్రాముల లెక్కలో రాస్తుంటారు. కాబట్టి నిద్రకు ఈ మాత్ర రాశారంటే స్కిజోఫ్రెనియా ఉందని అర్థం కాదు. ఇది మొదటి ఊరట.

కానీ చిన్న డోసు కదా అని తేలిగ్గా తీసుకోవడానికీ లేదు. బరువు పెరగడం, షుగర్, కొలెస్ట్రాల్ పెరగడం, లేచి నిలబడగానే తల తిరగడం ఈ మందుతో ఉన్న ఇబ్బందులు. ఈ తరగతి మందులు మొదలుపెట్టే ముందు బరువు, నడుము చుట్టుకొలత, బీపీ, పరగడుపు షుగర్, కొలెస్ట్రాల్ చూడాలని అమెరికాలో డయాబెటిస్, సైకియాట్రీ నిపుణుల సంఘాలు 2004 లోనే చెప్పాయి.

ఇది తెలుగు వాళ్లకు మరీ ముఖ్యం. మనలాంటి దక్షిణాసియా వాళ్లకు తక్కువ బరువులోనే షుగర్ వస్తుంది. అందుకే అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ 2015 నుంచి ఆసియా మూలాలున్న వాళ్లకు బీఎంఐ 23 దాటితేనే షుగర్ పరీక్ష గురించి ఆలోచించాలని చెబుతోంది. మిగతా వాళ్లకు ఆ గీత 25. ఇంట్లో నాన్నకు షుగర్ ఉందన్న సంగతి వీడియో కాల్‌లో అడిగారా? అడగకపోతే మీరైనా చెప్పారా?

కంపెనీల పాత్ర ఎంత?

ఈ అలవాట్లన్నీ వైద్యుల బుర్రలోంచే పుట్టాయనుకుంటే పొరపాటు. జైప్రెక్సా అనే మందును తయారుచేసే ఎలై లిల్లీ 2009 జనవరిలో 141.5 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. డిమెన్షియా ఉన్న వృద్ధులకు వాడండని లేబుల్‌కు విరుద్ధంగా ప్రచారం చేసిన నేరాన్ని కంపెనీ అంగీకరించింది. సాయంత్రం 5 గంటలకు 5 మిల్లీగ్రాములు వేస్తే పెద్దాయన రాత్రంతా నిద్రపోతాడన్న అర్థం వచ్చేలా 'ఫైవ్ ఎట్ ఫైవ్' అనే నినాదంతో నర్సింగ్ హోమ్‌ల చుట్టూ తిరిగారని అమెరికా న్యాయశాఖ చెప్పింది.

2010 లో క్వెటియాపిన్ కంపెనీ ఆస్ట్రాజెనెకా 52 కోట్ల డాలర్లు కట్టి కేసు తేల్చుకుంది. ఆరోపణలను మాత్రం ఒప్పుకోలేదు. నిద్రలేమికి, ఆందోళనకు కూడా ప్రచారం చేశారన్నది ఆ ఆరోపణల్లో ఒకటి. 2013 లో రిస్పెరిడోన్ సహా పలు మందుల విషయంలో జాన్సన్ అండ్ జాన్సన్ 220 కోట్ల డాలర్లకు పైగా కట్టింది.

జరిమానాలు కట్టేశారు, ప్రచారం ఆగింది. కానీ రాసే అలవాటు మాత్రం పోలేదు.

తాతయ్యల దగ్గర అసలు ప్రమాదం

ఆఫ్ లేబుల్ వాడకం ప్రాణం మీదకు తెచ్చే చోటు ఒకటుంది. డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు ఉన్న వృద్ధులు. రాత్రిళ్లు అరుస్తారు, తలుపు తీసుకుని వెళ్లిపోతారు, స్నానం చేయిస్తుంటే కొడతారు. అలాంటప్పుడు చాలా చోట్ల యాంటీసైకోటిక్ మందు ఇస్తుంటారు.

2005 ఏప్రిల్‌లో ఎఫ్‌డీఏ 17 పరీక్షల ఫలితాలు చూసి గట్టి హెచ్చరిక జారీ చేసింది. సుమారు 10 వారాల పరీక్షలో ఈ మందు వేసుకున్న డిమెన్షియా వృద్ధుల్లో 4.5 శాతం మంది చనిపోతే, ఉత్తుత్తి మాత్ర వేసుకున్న వాళ్లలో 2.6 శాతం మంది చనిపోయారు. దీంతో లేబుల్ మీద నల్ల గీతల పెట్టెలో హెచ్చరిక ముద్రించాల్సి వచ్చింది. 2008 లో పాత తరం యాంటీసైకోటిక్ మందులకూ ఇదే హెచ్చరిక పెట్టారు.

హెచ్చరిక వచ్చాక వాడకం ఆగిందా? 2011 లో అమెరికా ఆరోగ్య శాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ ఇచ్చిన నివేదిక చూస్తే ఆగలేదని అర్థమవుతుంది. 2007 మొదటి ఆరు నెలల బిల్లులు పరిశీలిస్తే, నర్సింగ్ హోమ్‌లలో ఉన్న వృద్ధుల్లో 14 శాతం మందికి కొత్త తరం యాంటీసైకోటిక్ మందులు ఇచ్చారు. ఆ బిల్లుల్లో 83 శాతం ఆఫ్ లేబుల్ వాడకానివే. 88 శాతం ఆ నల్ల పెట్టె హెచ్చరిక వర్తించే వాళ్లవి.

2012 లో ప్రభుత్వం నర్సింగ్ హోమ్‌లలో ఈ మందులు తగ్గించే కార్యక్రమం మొదలుపెట్టింది. దీర్ఘకాలం ఉండే వాళ్లలో 2011 చివర్లో 23.9 శాతంగా ఉన్న వాడకం తర్వాతి ఏళ్లలో బాగా తగ్గింది. అంతా సంతోషించారు. కానీ 2022 లో అదే ఇన్‌స్పెక్టర్ జనరల్ కార్యాలయం ఇంకో సంగతి బయటపెట్టింది. మొత్తం మీద మనసుపై పని చేసే మందుల వాడకం 2011 నుంచి 2019 దాకా దాదాపు 80 శాతం దగ్గరే నిలిచిపోయింది. యాంటీసైకోటిక్ తగ్గితే, ఆ చోట ఫిట్స్ మందులు పెరిగాయి. ఓ కిటికీ మూస్తే ఇంకో కిటికీ తెరుచుకుంది.

2023 మేలో బ్రెక్స్‌పిప్రజోల్‌కు అల్జీమర్స్ రోగుల్లో ఆందోళన, అలజడి తగ్గించడానికి ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. ఈ అవసరానికి అనుమతి పొందిన మొదటి మందు ఇదే. దాని లేబుల్ మీద కూడా నల్ల పెట్టె హెచ్చరిక అలాగే ఉంది.

అమ్మానాన్నలు అమెరికాలో పిల్లల దగ్గర ఉంటుంటే, వాళ్లలో ఒకరికి మతిమరుపు మొదలైతే ఈ పేరా గుర్తుపెట్టుకోవాలి. రాత్రి అలజడికి కారణం మూత్రంలో ఇన్ఫెక్షన్ కావొచ్చు, మలబద్ధకం కావొచ్చు, నొప్పి కావొచ్చు, కొత్త చోటు కావొచ్చు. చెప్పుకోవడానికి ఇంగ్లిష్ రాకపోవడం కూడా కావొచ్చు. అవి చూడకుండా ముందే మాత్ర రాస్తే, కారణం చెప్పమని అడగాలి.

పిల్లల విషయంలో?

2004 లో ఎఫ్‌డీఏ డిప్రెషన్ మందుల మీద కూడా నల్ల పెట్టె హెచ్చరిక పెట్టింది. 24 పరీక్షల్లో చూస్తే, ఈ మందులు వాడిన పిల్లల్లో ఆత్మహత్య ఆలోచనలు, ప్రవర్తన 4 శాతం మందిలో కనిపించాయి. ఉత్తుత్తి మాత్ర వాళ్లలో అది 2 శాతం. ఆ పరీక్షల్లో ఎవరూ ఆత్మహత్య చేసుకోలేదు. 2007 లో ఆ హెచ్చరికను 24 ఏళ్ల వయసు దాకా పెంచారు. అంటే మాస్టర్స్ చేయడానికి వెళ్లిన మన విద్యార్థులు చాలామంది ఈ వయసులోనే ఉంటారు.

ఇలా చెబుతున్నామంటే మందు వద్దని కాదు. డిప్రెషన్‌ను వదిలేస్తే అదీ ప్రాణాంతకమే. మందు మొదలుపెట్టిన, డోసు మార్చిన మొదటి వారాల్లో దగ్గరగా గమనించాలన్నదే దీని సారాంశం. ఒంటరిగా గదిలో ఉండే విద్యార్థిని గమనించేది ఎవరు? కనీసం ఒక రూమ్‌మేట్‌కైనా చెప్పి ఉంచాలి.

ఇంకో చేదు నిజం. 2011 లో అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ జీఏఓ ఐదు రాష్ట్రాల లెక్కలు చూసింది. ప్రభుత్వ సంరక్షణలో పెరిగే పిల్లలకు, మిగతా పేద పిల్లలతో పోలిస్తే 2.7 నుంచి 4.5 రెట్లు ఎక్కువగా మానసిక మందులు ఇచ్చారని తేల్చింది. ఎవరి తరఫున అడిగే పెద్దవాళ్లు లేరో, వాళ్లకే మాత్రలు ఎక్కువ పడ్డాయి.

మరి తప్పంతా నర్సులదేనా?

చాలామంది ఠక్కున ఇక్కడికే వచ్చేస్తారు. ఆధారాలు మాత్రం అంత సూటిగా లేవు.

2023 లో ప్రముఖ వైద్య పత్రిక అన్నల్స్ ఆఫ్ ఇంటర్నల్ మెడిసిన్‌లో ఓ పెద్ద అధ్యయనం వచ్చింది. 29 రాష్ట్రాల్లో 23,669 మంది నర్స్ ప్రాక్టీషనర్లు, 50,351 మంది ప్రాథమిక వైద్యులు 65 ఏళ్లు దాటిన వాళ్లకు రాసిన మందులను పోల్చారు. వృద్ధులకు తగని మందులు రాసిన సందర్భాలు ప్రతి 100 ప్రిస్క్రిప్షన్లకు నర్సుల్లో 1.63, డాక్టర్లలో 1.69. అంటే దాదాపు సమానమే.

ఇది మానసిక మందుల గురించి మాత్రమే చేసిన అధ్యయనం కాదు, ఆఫ్ లేబుల్ గురించీ కాదు. కాబట్టి దీన్ని ఎంత మేరకు వాడుకోవాలో అంతవరకే వాడుకోవాలి. అయితే అందులోనే ఓ మెలిక ఉంది. అతి తక్కువ తప్పులు చేసిన వాళ్లలోనూ, అతి ఎక్కువ తప్పులు చేసిన వాళ్లలోనూ నర్స్ ప్రాక్టీషనర్లే ఎక్కువగా కనిపించారు. అంటే సగటు ఒకటే అయినా, మనిషికీ మనిషికీ తేడా నర్సుల్లో ఎక్కువ. రాష్ట్రానికీ రాష్ట్రానికీ మధ్య తేడా కూడా, ఈ రెండు వృత్తుల మధ్య తేడా కంటే పెద్దదని తేలింది.

పైన చెప్పిన 73 శాతం లెక్క డాక్టర్లది. జరిమానాలు కట్టిన కంపెనీలు ఏళ్ల తరబడి తిరిగింది ఎక్కువగా డాక్టర్ల చుట్టూ. కాబట్టి బోర్డు మీద ఏ డిగ్రీ ఉందన్నది ఒక్కటే మీకు రక్షణ కాదు. ఎందుకు రాస్తున్నారో చెప్పారా, ముందు పరీక్షలు చేశారా, తర్వాత మళ్లీ చూశారా? ఈ మూడే రక్షణ.

డాలస్ కుర్రాడి ఉదాహరణలో లోపం మందు పేరులో మొదలవలేదు. చెప్పకపోవడంలో మొదలైంది. "ఇది వేరే జబ్బు మందు, నిద్రకు చిన్న డోసులో ఇస్తున్నా, ఇన్ని వారాలు చూద్దాం" అని రెండు వాక్యాలు చెప్పి ఉంటే, అమ్మ కంగారు పడేది కాదు, మాత్రలు చెత్తబుట్టలో పడేవి కావు. చాలా రాష్ట్రాల్లో ఇది ఆఫ్ లేబుల్ అని ప్రత్యేకంగా చెప్పి తీరాలన్న నిబంధన లేదు. అందుకే అడగడం మన చేతిలో పని.

ఈ ప్రశ్నలు అడగండి

• ఈ మందు నా సమస్యకు ఎఫ్‌డీఏ అనుమతి ఉన్నదేనా, ఆఫ్ లేబులా?

• ఆఫ్ లేబుల్ అయితే, అనుమతి ఉన్న మందు కాకుండా ఇదే ఎందుకు?

• మందు లేని దారి ముందు ప్రయత్నించొచ్చా? నిద్రలేమికి అయితే సీబీటీ-ఐ అనే ప్రత్యేక థెరపీతోనే మొదలుపెట్టాలని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016 లోనే చెప్పింది.

• ముందు ఏ పరీక్షలు చేయాలి? మళ్లీ ఎప్పుడు చేయాలి?

• ఎన్ని వారాలకు పని చేస్తుందో లేదో తెలుస్తుంది? పని చేయకపోతే ఎలా ఆపాలి?

• రాత్రి ఇబ్బంది వస్తే ఎవరికి ఫోన్ చేయాలి? మీ పైన సలహా ఇచ్చే డాక్టర్ ఎవరైనా ఉన్నారా?

ఈ ప్రశ్నలకు విసుక్కోకుండా జవాబు చెప్పే వాళ్లు నర్సైనా, డాక్టరైనా మంచి చేతుల్లో ఉన్నట్టే. నర్స్ ప్రాక్టీషనర్ లైసెన్సు సరిగ్గా ఉందో లేదో రాష్ట్ర నర్సింగ్ బోర్డు వెబ్‌సైట్‌లో ఎవరైనా ఉచితంగా చూసుకోవచ్చు.

డబ్బు కోణం కూడా ఉంది. ఆఫ్ లేబుల్ మందుకు బీమా కంపెనీ ముందస్తు అనుమతి అడగొచ్చు, ఒక్కోసారి ఇవ్వనని చెప్పొచ్చు. మెడికేర్ మందుల పథకం గుర్తింపు పొందిన మందుల గ్రంథాల్లో ఆధారం ఉన్న ఆఫ్ లేబుల్ వాడకానికే డబ్బు ఇస్తుంది. కౌంటర్ దగ్గర బిల్లు చూసి ఉలిక్కిపడే కంటే ముందే అడిగి తెలుసుకోవడం మేలు.

భయపడి ఒక్కసారిగా ఆపేయొద్దు

గూగుల్‌లో చదివి భయపడి మాత్రలు పడేయడం ఇంకో ప్రమాదం. క్లోనిడిన్ ఒక్కసారిగా ఆపితే బీపీ ఎగబాకుతుంది. చాలాకాలం వాడిన అల్‌ప్రజోలామ్ లాంటి మందులు ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ రావొచ్చు. కొన్ని డిప్రెషన్ మందులు ఆపితే తల తిరగడం, వికారం, చిరాకు వస్తాయి. క్వెటియాపిన్ ఆపినా కొన్నాళ్లు నిద్ర మరింత చెడిపోవచ్చు. అనుమానం వస్తే ముందు ఫోన్ చేయండి. నర్స్ ప్రాక్టీషనర్ దొరక్కపోతే మందు ఇచ్చిన ఫార్మసిస్ట్‌ను అడగండి. అమెరికాలో ఫార్మసిస్ట్ సలహాకు డబ్బు తీసుకోరు.

ఇంకో మాట. ఇండియా నుంచి వచ్చేటప్పుడు సూట్‌కేసులో తెచ్చుకున్న మాత్రలు, ఆయుర్వేద మందులు, నిద్రకు స్నేహితుడు ఇచ్చిన మాత్ర, ఇవన్నీ కాల్‌లో చెప్పాలి. అల్‌ప్రజోలామ్ ఇండియాలో షెడ్యూల్ హెచ్-1 మందు. డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్నది, ఇక్కడ రాసిన దానితో కలిస్తే మత్తు రెట్టింపవుతుంది.

మన దగ్గర పరిస్థితి ఏంటి?

ఇండియాలో సైకియాట్రీ మందులు రాసే అధికారం అమెరికా తరహాలో నర్సులకు లేదు. 2019 నాటి నేషనల్ మెడికల్ కమిషన్ చట్టం మధ్యస్థాయి ఆరోగ్య సిబ్బందికి పరిమిత లైసెన్సు గురించి చెబుతుంది కానీ, వాళ్లు సొంతంగా మందు రాయగలిగేది ప్రాథమిక, నివారణ వైద్యంలోనే. అయితే ఆఫ్ లేబుల్ మాత్రం మన దగ్గరా ఉంది. ఇక్కడ రాసేది డాక్టర్లు. కాబట్టి పైన చెప్పిన ప్రశ్నలు హైదరాబాద్‌లోనైనా, విజయవాడలోనైనా అడగొచ్చు. అడగడం అమర్యాద కాదు.

మనసు బాగోలేనప్పుడు, ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన వచ్చినప్పుడు ఒంటరిగా ఉండొద్దు. అమెరికాలో ఉంటే 988 కి కాల్ లేదా మెసేజ్ చేయొచ్చు. ఇండియాలో టెలీ మానస్ నంబర్ 14416. తెలుగులో కూడా మాట్లాడొచ్చు.

గమనిక: ఈ కథనం అవగాహన కోసం మాత్రమే. మందు మొదలుపెట్టాలన్నా, ఆపాలన్నా, డోసు మార్చాలన్నా మీకు వైద్యం చేస్తున్న వాళ్లను అడిగాకే నిర్ణయం తీసుకోండి.